జట్కాబండికి లేని జబ్బు

షాకబ్జర్ అన్న పేరే తప్పని నాకెప్పుడూ అనిపిస్తుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తినేది స్ప్రింగు. తిన్నాక అది ఊరుకోదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాకబ్జర్ పని. బ్రిటిష్ వాళ్లు దాన్ని డాంపర్ అంటారు, అదే సరైన మాట. పేరు తప్పయితే నష్టమేమిటంటారా? అది పాడైతే కుదుపులు పెరుగుతాయనుకుంటాం. నిజానికి నూనె కారిపోయాక బండి కొన్నాళ్లు ఇంకా మెత్తగా, ఉయ్యాలలాగా ఉన్నట్టే అనిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడే తెలుస్తుంది. చక్రం రోడ్డును పట్టుకోకుండా ఎగురుతుంది, బండి ఆగాల్సిన చోట ఆగదు. ఎత్తుగా ఉండే ఫోర్‌వీల్ డ్రైవ్ బండికైతే మలుపులో ఒరిగే భయం కూడా తోడు.

మన జట్కాబండికి ఈ బాధ లేదు. దాని కింద ఉండే కమాను పట్టీలు ఒకదానిమీదొకటి రాసుకుంటాయి, ఆ రాపిడికే ఊపు ఆగిపోతుంది. గుర్రం నడకకు అది చాలు. మొదటి మోటారు కార్లు కూడా అవే పట్టీలు పెట్టుకుని బయల్దేరాయి. వేగం పెరిగేసరికి చాల్లేదు. 1902 ప్రాంతంలో ఫ్రాన్సులో మోర్స్ పందెం కార్లకు డాంపర్లు బిగించారు. ట్రుఫో అనే ఫ్రెంచివాడి ఆలోచనను హార్ట్‌ఫర్డ్ అనే అమెరికన్ తీసుకెళ్లి తన దేశంలో అమ్మాడు. బిళ్లలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే ఏర్పాటు అది. వదులైతే మధ్యలో నట్టు బిగించుకోవడమే. నూనె లేదు కాబట్టి కారడం అన్న మాటే లేదు.

మరెందుకు వదిలేశారు? రాపిడితో ఒక చిక్కుంది. కదలనిదాన్ని కదిలించడానికే ఎక్కువ బలం కావాలి, కదిలాక పట్టు తగ్గుతుంది. అంటే చిన్న గతుకులకు బిర్రబిగుసుకుని, పెద్ద గుంతలో చేతులెత్తేస్తుంది. నూనె స్వభావం దీనికి సరిగ్గా తిరుగుడు. సన్నటి రంధ్రంలోంచి మెల్లగా తోస్తే దారిస్తుంది, గట్టిగా తోస్తే ఎదురు తిరుగుతుంది. హుడాయ్ అనే మరో ఫ్రెంచివాడి పేరున వచ్చిన నూనె డాంపర్లు 1928 నాటి ఫోర్డ్ మోడల్-ఎ దాకా చేరాయి. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు ఇప్పుడు మనం చూసే గొట్టం రకమే ఉంది. ఆ జీపునే తర్వాత మహీంద్రా వాళ్లు మన దగ్గర బిగించారు.

అన్నట్టు, మన ఆటోల మీదా బైకుల మీదా కనిపించే గాబ్రియెల్ పేరు మొదట కారు హారన్లది. హారన్ కాబట్టి బూర ఊదే దేవదూత పేరు పెట్టారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ఆ కంపెనీ హారన్ల తర్వాత ఊపునాపే సరుకులోకి దిగింది. గాబ్రియెల్ ఇండియా 1961లో మొదలైంది.

గొట్టం రకంతోపాటే జబ్బూ వచ్చింది. లోపల నూనె నిండుగా ఉండాలి, మెరుగు పెట్టిన కడ్డీ మాత్రం లోపలికీ బయటికీ ఆడుతూనే ఉండాలి. ఆ రెంటి మధ్యా ఉన్నది ఒక రబ్బరు సీలు. 1950లలో డి కార్బన్ గ్యాసు నింపిన రకం తెచ్చాడు, 1957లో జర్మనీలో బిల్‌స్టీన్ వాళ్లు దాన్ని పెద్దయెత్తున తయారు చేశారు. నూనె నురగకట్టే సమస్య దానితో చాలావరకు తీరింది. సీలు మాత్రం ఉండనే ఉంది.

నేను పనిచేసే షుఐబాలో ఆ సీలుకు శత్రువులన్నీ ఒక్కచోటే ఉన్నాయి. ఎండాకాలం యాభై డిగ్రీలకు రబ్బరు బిరుసెక్కుతుంది. గాల్లో ఇసుక కడ్డీకి అంటుకుని, ఆడినప్పుడల్లా సీలు పెదవిని గీస్తుంది. నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ దాకా ఎడారి డేరాల కాలం. రేకుల కప్పులా వరసగా గట్లు కట్టిన మట్టిదారుల్లో గంటసేపు పోతే డాంపర్‌కు ఊపిరాడదు, ఆపిన ఊపంతా వేడిగా మారి నూనెలో చేరుతుంది. 1968లో మొదలై 2017లో మూతపడ్డ రిఫైనరీ ఉన్న ఊరిది. నేలలోంచి ఓడలకొద్దీ నూనె తోడిన దేశంలో ఒక గ్లాసుడు నూనె కారితే ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకునేవాడు డ్రైవరే. రాయచోటి వైపు నుంచి వచ్చి ఒక ఇంట్లో బండి నడిపే అబ్బాయి శుక్రవారాలు ఫహాహీల్‌లో నాకు కలుస్తుంటాడు. "అన్నా, యెనక షాకబ్జర్ కారతాంది. బాబాకు చెప్తే బాదేన్ బాదేన్ అంటాడు. రేపు బండి తిరగబడితే జైలుకు పోయేది నేనే గదన్నా" అన్నాడు. బాదేన్ అంటే తర్వాత. తేమ వేరు, కారడం వేరు అని ముందు చెప్పాను. కడ్డీ దగ్గర పలచటి జిడ్డు మీద దుమ్ము పట్టి ఉంటే అది మామూలే. గొట్టం పొడుగునా చారలు దిగి కింద బొట్టు కడితే పని అయిపోయినట్టే. గుడ్డతో శుభ్రంగా తుడిచి రెండు రోజులు నడిపి మళ్లీ చూడమన్నాను. తారీఖు కనబడేలా ఫోటో తీసి బాబాకు వాట్సాప్‌లో పంపమన్నాను. నూనె పోస్తే సరిపోదా అనడిగాడు. మూతి మూసేసిన గొట్టమది, పొయ్యడానికి దారి లేదు. మారిస్తే ఆ ఇరుసుకున్న రెండూ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి రెండు కాళ్ల మీద రెండు రకాలుగా నడుస్తుంది.

ఫోటో పనిచేసింది. నెల తర్వాత కనిపించి, మార్పించారన్నా అన్నాడు. రెండూనా అనడిగితే నవ్వాడు. కారేది ఒకటే కదా అన్నాడట బాబా. రెండోదాని సంగతి ఈసారి పిల్లల్ని బడికి దింపేటప్పుడు మామాకు చెప్తాడట.