యూనియన్ ముద్ర, ఊరి వర్తకుడు: అమెరికా కార్మిక చరిత్రలో గిరాకీ రాజకీయాలు

పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో అమెరికా పారిశ్రామిక పట్టణాల్లోని చిల్లర వర్తకుడి రాబడి చాలావరకు పక్క కర్మాగారంలో జీతాలిచ్చే రోజు మీదనే ఆధారపడి ఉండేది. కూలి తగ్గితే అతని పద్దు పుస్తకంలో అరువు పెరిగేది, సమ్మె సాగితే ఆ అరువు వసూలవుతుందన్న ఆశ సన్నగిల్లేది. ఈ ఆధారపడటం నుంచే సంఘటిత కార్మికుల ఆదరణను బాహాటంగా కోరే వ్యాపార పద్ధతి ఒకటి పుట్టింది. తన సరుకు యూనియన్ సభ్యుల చేతుల్లో తయారైందని పెట్టె మీద ముద్ర వేయించుకోవడం, తన దుకాణంలో పనిచేసేది యూనియన్ సభ్యులేనని తెలిపే కార్డును గోడకు తగిలించుకోవడం, కార్మిక పత్రికల్లో ప్రకటనలు ఇవ్వడం దాని ప్రధాన రూపాలు. కార్మికోద్యమ చరిత్రలో ఈ ముద్రను సాధారణంగా కార్మికుడి ఆయుధంగానే వర్ణిస్తారు. ఆ వర్ణన సగమే నిజమనీ, చౌకగా అమ్మే బయటి పోటీదారు నుంచి చిన్న యజమానినీ నిపుణ కార్మికుడినీ ఉమ్మడిగా కాపాడే ఒప్పందంగా దాన్ని చూసినప్పుడే దాని బలమూ అది చేసిన అన్యాయమూ కలిసి అర్థమవుతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

వర్తకులు కార్మికుల పక్షం వహించడం ముద్రకన్నా పాతది. 1870ల నాటి చిన్న పారిశ్రామిక పట్టణాలను పరిశీలించిన చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్, అక్కడి దుకాణదారులు చాలా సందర్భాల్లో కొత్తగా వచ్చిన పెద్ద పరిశ్రమాధిపతి వైపు కాక సమ్మె కార్మికుల వైపే మొగ్గారని చూపాడు. సమ్మె కాలంలో అరువివ్వడం అందులో ముఖ్యమైన సహాయం. దీన్ని దయాగుణంగా మాత్రమే చూడనక్కరలేదు, ఎందుకంటే కూలీ ఓడిపోయి ఊరు వదిలిపోతే పాత బాకీలన్నీ మునిగిపోతాయన్న లెక్క అందులో ఉంది. అయితే ఈ మద్దతు ఒక్కో ఊరి పరిచయాల మీద నడిచేది కనుక అది ఊరి పొలిమేర దాటేది కాదు. సరుకు రైళ్లమీద వందల మైళ్లు ప్రయాణిస్తున్న కాలంలో, కొనేవాడికి తయారీదారు ఎవరో తెలియని మార్కెట్‌లో, ఆ పరిచయం చేయగలిగిన పనిని చేసే గుర్తు ఒకటి కావలసి వచ్చింది.

ఆ గుర్తు మొదట చుట్టల పరిశ్రమలో వచ్చింది. దాని పుట్టుకలో జాతి విద్వేషం ఉందన్న సంగతిని పక్కకు నెట్టడానికి వీల్లేదు. 1870ల మధ్యకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చుట్టలు చుట్టేవారిలో అధికులు చైనీయులు. వారితో పోటీపడుతున్న తెల్లజాతి కార్మికుల సంఘం, పెట్టెలోని చుట్టలు తెల్లవారు చేసినవని ధ్రువీకరించే తెల్లటి కాగితపు ముద్రను ప్రవేశపెట్టింది. తెల్ల కూలీలనే పెట్టుకున్న చిన్న తయారీదారులకు ఆ ముద్ర వెంటనే లాభసాటి అయింది, ఎందుకంటే ధరలో తాము గెలవలేని పోటీని అది జాతి అభిమానంతో గెలిపించింది. 1880లో షికాగోలో జరిగిన మహాసభలో అంతర్జాతీయ చుట్టల కార్మికుల యూనియన్ దేశమంతటికీ వర్తించే నీలి ముద్రను ఆమోదించింది. నాసిరకం యూనియనేతర దుకాణాల పనికీ, ‘కూలీలు’ అని నిందించిన చైనా కార్మికుల పనికీ, జైలు ఖైదీల పనికీ, మురికివాడ అద్దె ఇళ్లలో సాగే పనికీ తాము వ్యతిరేకమని ఆ నీలి కాగితమే ప్రకటించేది. అంటే కొనేవాడికి అది ఏకకాలంలో మూడు హామీలిచ్చేది: మర్యాదైన కూలి, శుభ్రమైన సరుకు, చైనా కార్మికుడి చేయి పడలేదన్న భరోసా. రెండేళ్లకే, 1882లో, చైనా కార్మికుల వలసను నిషేధిస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ చట్టానికి ముద్రే కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది గానీ, రెండూ ఒకే వాతావరణంలో ఎదిగాయనడంలో సందేహం లేదు.

ముద్ర పనిచేసే విధానం సులువుగానే కనిపిస్తుంది గానీ అందులో ఒక మెలిక ఉంది. ముద్ర యజమాని సొత్తు కాదు. దాన్ని అచ్చు వేయించేదీ, ఇచ్చేదీ, వెనక్కి తీసుకునేదీ యూనియన్. ఒప్పందం ప్రకారం కూలి రేట్లు, పని గంటలు పాటించినంతకాలమే యజమాని దాన్ని వాడుకోవచ్చు. మంగలి దుకాణాల్లో ఇది మరీ స్పష్టంగా కనిపించేది. అద్దం పక్కన గోడకు తగిలించిన షాపు కార్డు యూనియన్ ఆస్తిగానే ఉండేది కనుక, ఒప్పందం తప్పితే ప్రతినిధి వచ్చి దాన్ని దించుకుపోయే హక్కు కలిగి ఉండేవాడు. కార్డు ఉన్న దుకాణాలన్నీ ఒకే వేళకు మూసేవి, దాదాపు ఒకే ధర తీసుకునేవి. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచి బేరాలు లాక్కునే పొరుగువాడి బాధ అందువల్ల తగ్గేది. అనేక ఊళ్లలో తానే కత్తెర పట్టి పనిచేసే చిన్న యజమానికి ఈ క్రమశిక్షణ కార్మికుడికన్నా ఎక్కువ ఉపకరించిందంటే తప్పు కాదు.

ముద్రను అడిగి తెచ్చుకున్న తయారీదారుల్లో పని దుస్తుల కంపెనీలు ముందున్నాయి. 1889లో డెట్రాయిట్‌లో మొదలైన కార్‌హార్ట్ సంస్థ రైల్వే కార్మికులకు ఓవరాల్స్, అంటే ఛాతీ దాకా వచ్చే ముతక గుడ్డ పని దుస్తులు, కుట్టి అమ్మింది. కొనేవారంతా బలమైన రైల్వే సంఘాల సభ్యులే కనుక యూనియన్ దర్జీల చేత కుట్టించడం దానికి సహజమైన వ్యాపార నిర్ణయం. టోపీల విషయంలో ముద్రను లోపలి చెమట పట్టీ కింద కుట్టేవారు. కొనేవాడు దుకాణంలోనే పట్టీ తిప్పి చూడాలని సంఘాలు నూరిపోశాయి. అలా చూడటమే ఒక చిన్న ప్రదర్శన, ఎందుకంటే పక్కనున్నవాళ్లూ, బల్ల వెనకున్న అమ్మకందారుడూ దాన్ని గమనిస్తారు. తెలుగు పాఠకులకు ఇక్కడ ఖద్దరు గుర్తుకు రావచ్చు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం ధ్రువీకరించిన భండారాల్లోనే కొనమని కోరేది, 1935 తర్వాత వడికేవారికి బతుకుతెరువు కూలి ఇవ్వాలన్న నియమాన్నీ దానికి జోడించింది. కాని ఖద్దరు ధ్రువీకరణలో కూలి నియమాన్ని పెట్టింది వడికేవారి సొంత సంఘం కాదు. నీలి ముద్రలో ఆ మాట కార్మిక సంఘానిదే.

ఆ మాట ఎంత బలమైనదన్నది మాత్రం సంఘాన్ని బట్టి మారింది. 1895లో ఏర్పడిన బూట్ల కార్మికుల యూనియన్, జాన్ టోబిన్ నాయకత్వంలో, ముద్ర ఒప్పందం అనే పద్ధతిని విస్తరించింది. దాని ప్రకారం యజమాని యూనియన్ సభ్యులను మాత్రమే పెట్టుకుంటాడు, చందా వసూలుకు సహకరిస్తాడు, అందుకు బదులుగా ముద్ర ఉచితంగా పొందుతాడు; వివాదాలన్నీ మధ్యవర్తిత్వానికి పోతాయి, సమ్మెలు ఉండవు. బ్రాక్‌టన్ పట్టణానికి చెందిన డబ్ల్యు. ఎల్. డగ్లస్ వంటి బూట్ల తయారీదారులు ఈ ముద్రను తమ ప్రకటనల్లో వాడుకున్నారు. ఆయన తర్వాత మాసచుసెట్స్ గవర్నర్ కూడా అయ్యాడు. కూలి రేటును గట్టిగా అడగకుండానే ముద్ర చేతిలో పెట్టే ఈ పద్ధతి, కార్మికులను సభ్యులుగా చేర్చే పనిని యజమానికి అప్పగించినట్టయిందని అప్పటి విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో చాలా న్యాయం ఉంది: యజమానే కోరుకునే యూనియన్, కార్మికులు కోరుకునే యూనియన్ ఎప్పుడూ ఒకటే కావు.

ముద్ర ఏ సరుకుల్లో బలపడింది, ఏ సరుకుల్లో నీరుగారింది అన్న ప్రశ్నకు జవాబు ఆ సరుకు ఎవరు కొంటారన్న దాంట్లో ఉంది. చుట్ట, మద్యం, క్షవరం, టోపీ, ఓవరాల్స్: ఇవన్నీ మగవాడు తన చేత్తో, తరచు తోటి కార్మికుల ఎదుట, కొనేవి. ఇంటి బట్టలు, పిల్లల బూట్లు, పిండి, సబ్బు కొనేది ఇల్లాలు; ఆమెకు యూనియన్ సభ్యత్వం లేదు, సభలో ఓటు లేదు, కాని ఆ సభ తీర్మానించిన బహిష్కరణను మోయవలసింది ఆమే. ముద్ర ఉన్న సరుకు కోసం మరో నాలుగు వీధులు నడవడం, ధర ఎక్కువైతే సంసారపు డబ్బుల్లోంచి సర్దడం ఆమె వంతు. ఈ లోటును గుర్తించి 1899లో జాతీయ మహిళా యూనియన్ ముద్ర లీగ్ ఏర్పడింది, 1909లో అమెరికన్ కార్మిక సమాఖ్య ముద్రల ప్రచారానికి ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. చరిత్రకారుడు లారెన్స్ గ్లిక్‌మన్ చూపినట్టు, ఈ కాలంలో కార్మికుడు తనను ఉత్పత్తిదారుగానే కాక వినియోగదారుగా కూడా ఊహించుకోవడం మొదలుపెట్టాడు. అయితే ఆ ఊహలో భార్య చేసే కొనుగోలు పనికి విలువ కట్టిన సందర్భాలు అరుదు.

న్యాయస్థానాలు ఈ చరిత్రను మరో దిక్కుకు తిప్పాయి. ముద్రకూ బహిష్కరణకూ తేడా ఉంది: ముద్ర ఫలానావాడి దగ్గర కొనమంటుంది, బహిష్కరణ ఫలానావాడి దగ్గర కొనవద్దంటుంది. మొదట్లో రెండూ చిక్కుల్లోనే ఉన్నాయి. యూనియన్ తానుగా వ్యాపారం చేయదు కనుక ముద్రను వాణిజ్య చిహ్నంగా కాపాడుకోలేదని 1890లో మాసచుసెట్స్ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత అనేక రాష్ట్రాలు నకిలీ ముద్రలను శిక్షించే చట్టాలు చేయడంతో ఈ వైపు గట్టిపడింది. బహిష్కరణకు ఎదురైంది దీనికి పూర్తిగా భిన్నమైన గతి. కనెటికట్‌లోని డాన్‌బరీ పట్టణంలో టోపీల తయారీదారు డీట్రిచ్ లోవీ 1902లో యూనియన్ షరతులను నిరాకరించగా, అప్పటికే దేశంలోని 82 బొచ్చు టోపీల సంస్థల్లో 70ని ఒప్పించిన యూనియన్, లోవీ టోపీలు అమ్మే వర్తకులను కూడా వదిలేయమని ప్రచారం చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక టోకు వర్తకుడి దాకా ఆ ఒత్తిడి సాగింది. 1908లో సుప్రీంకోర్టు ఇది 1890 నాటి షెర్మన్ గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చింది. పరిహారం మూడింతలు కావడంతో, దావాలో ఉన్న మామూలు సభ్యుల ఇళ్లూ పొదుపు ఖాతాలూ జప్తుకు వచ్చాయి. 1916 జనవరిలో దేశవ్యాప్తంగా కార్మికులను ఒక గంట కూలి చందాగా ఇమ్మని సమాఖ్య కోరవలసి వచ్చింది, 1917లో దాదాపు 2,34,000 డాలర్లతో రాజీ కుదిరింది. ఇదే కాలంలో సెయింట్ లూయిస్ పొయ్యిల కంపెనీ ఒకదాన్ని బహిష్కరణ పట్టికలో చేర్చినందుకు సమాఖ్య అధ్యక్షుడు సామ్యుల్ గాంపర్స్ తదితరులకు కోర్టు ధిక్కార శిక్ష పడి, 1911లో రద్దయింది. ఆ పట్టికను మాత్రం సమాఖ్య అప్పటికే ఆపేసింది. వద్దనడం ప్రమాదమైన చోట కొనమనడమే మిగిలింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ముద్ర ప్రచారం పెరగడానికి దాని సొంత విజయంకన్నా చట్టం మూసిన దారులే ఎక్కువ కారణం.

ఈ పరిణామాలన్నీ ఒకే ఊళ్లో దగ్గరగా కనిపించేది సియాటిల్‌లో. 1919 ఫిబ్రవరి 6న దాదాపు 65,000 మంది కార్మికులు సార్వత్రిక సమ్మెకు దిగినప్పుడు, ఊరు నడవడానికి ఏ పని కొనసాగాలో నిర్ణయించే అధికారం సమ్మె కమిటీ చేతికి వచ్చింది. వ్యాపారులూ అధికారులూ మినహాయింపు కోరుతూ ఆ కమిటీ ముందుకు వచ్చారు: మందుల దుకాణాలు డాక్టరు చీటీల బల్ల వరకే తెరవడానికీ, ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీ ఒకటి నడవడానికీ, రోగాలు పుట్టించే చెత్త మాత్రమే ఎత్తడానికీ అనుమతులు లభించాయి. యూనియన్లు 21 చోట్ల భోజనశాలలు నడిపి, సభ్యత్వ కార్డు చూపినవారికి 25 సెంట్లకూ, మిగతావారికి 35 సెంట్లకూ భోజనం పెట్టాయి. అయిదారు రోజులపాటు ఊరి వర్తకుడు యూనియన్ అనుమతి చీటీ కోసం వరుసలో నిలబడటం, అంతకుముందు యాభై ఏళ్ల సంబంధాన్ని తలకిందులు చేసింది.

సమ్మె ముగిశాక యజమానుల సంఘం యూనియన్ లేని దుకాణాల ఉద్యమం మొదలుపెట్టింది, యుద్ధానంతర మాంద్యం షిప్‌యార్డులను ఖాళీ చేసింది. ఈ దశను చరిత్రకారిణి డానా ఫ్రాంక్ 1994లో వెలువరించిన అధ్యయనం వివరంగా చెబుతుంది. 1920లో బాన్ మార్షే అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ మీద ప్రకటించిన బహిష్కరణ విఫలమైంది. అలాంటి దుకాణాల్లో కొనేది ప్రధానంగా ఇల్లాళ్లే, వారిని సంఘటితపరచకుండానే వారి మీద భారం మోపారన్నది ఆమె వాదనలో కీలకం. పైగా కార్మికుల సొంత దినపత్రిక యూనియన్ రికార్డ్ దుకాణాల ప్రకటనల మీద ఆధారపడి ఉండటంతో, బహిష్కరించేవారి చేతికీ బహిష్కృతుల ప్రకటనలకూ మధ్య తెగని ముడి పడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో సియాటిల్ ఉద్యమం కార్డుల, ముద్రల ప్రచారానికే పరిమితమై, మంగళ్లు, రొట్టెల తయారీదారులు, చిన్న హోటళ్ల యజమానులతో సర్దుబాటు చేసుకుంది. అదే ప్రచారం జపాన్ సంతతి వర్తకుల దుకాణాలకు వ్యతిరేకంగా కూడా పనిచేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో తెల్ల ముద్ర వేసిన గీత నలభై ఏళ్ల తర్వాత కూడా చెరగలేదు: స్థానికుడంటే ఎవరన్న నిర్ణయం వర్తకుడూ యూనియనూ కలిసి తీసుకున్నారు, అందులో ఆసియా వాసి లేడు.

1947 నాటి టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం, వివాదంతో నేరుగా సంబంధం లేని మూడో వ్యాపారి మీద ఒత్తిడి తెచ్చే బహిష్కరణలను మరోసారి అడ్డగించింది. ఆ నాటికి గొలుసు దుకాణాలు, జాతీయ బ్రాండ్లు ఊరి వర్తకుడి స్థానాన్ని చాలా చోట్ల ఆక్రమించాయి కనుక, ముద్ర కోరే చిన్న యజమానులే తగ్గిపోయారు. నేటికీ పాత పద్ధతి నిలిచివున్న రంగం ముద్రణ. ఎన్నికల కరపత్రాల అడుగున కనిపించే చిన్న ముద్రణా సంఘాల చిహ్నంలో ఆ ప్రెస్సును గుర్తించే సంఖ్య ఉంటుంది, చిహ్నం లేని కరపత్రం యూనియన్ల మద్దతు ఆశించే అభ్యర్థికి తలనొప్పి తెస్తుంది. అందువల్ల చాలా పట్టణాల్లో యూనియన్ ప్రెస్సుకు పని ఇచ్చేది కూలి డబ్బులు చేతబట్టుకుని వచ్చే కార్మికుడు కాదు, ఓటు కోసం వచ్చే రాజకీయ నాయకుడు. చిన్న ముద్రణాలయ యజమాని యూనియన్‌తో ఒప్పందాన్ని నిలుపుకోవడానికి ఎన్నికల ఏడాది వచ్చే ఆర్డర్లు కూడా ఒక కారణం.