స్నైపర్ రైఫిల్ కొనుగోలు: ఏడాదిన్నరలో ఆమోదం నుంచి రద్దు దాకా.. చిక్కు ఎక్కడ?

భారత సైన్యం, వైమానిక దళం కోసం 5,719 స్నైపర్ రైఫిళ్లు కొనాలని 2018 ఫిబ్రవరి 13న రక్షణ కొనుగోళ్ల మండలి (డీఏసీ) నిర్ణయించింది. అంచనా వ్యయం రూ.982 కోట్లు. రక్షణ బడ్జెట్‌తో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. అయినా 2019లో ఆ టెండర్‌ను వెనక్కి తీసుకున్నారు. పోటీకి వచ్చిన విదేశీ సంస్థల ప్రతిపాదనలు సైన్యం పెట్టిన షరతులకు సరిపోలేదు. ఈలోగా నియంత్రణ రేఖ దగ్గరున్న జవాన్ల కోసం నార్తర్న్ కమాండ్ వేరే దారిలో కొద్ది సంఖ్యలో రైఫిళ్లు తెప్పించుకుంది. ఒకే అవసరానికి రెండు దారులు ఎందుకు పట్టాల్సి వచ్చిందో తెలియాలంటే ఆయుధం సంగతి, కొనుగోలు పద్ధతి రెండూ చూడాలి.

డ్రాగునోవ్‌తో ఇబ్బంది ఏమిటి?

దశాబ్దాలుగా మన స్నైపర్ల చేతిలో ఉన్నది డ్రాగునోవ్. సోవియట్ సైన్యం 1963లో దీన్ని స్వీకరించింది. పది తూటాల మ్యాగజైన్, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే లోడయ్యే సెమీ ఆటోమేటిక్ ఏర్పాటు, నాలుగు రెట్లు పెద్దదిగా చూపే స్కోప్ దీని ప్రత్యేకతలు. పదాతి దళంతో పాటు కదులుతూ, మామూలు రైఫిల్‌కు అందని లక్ష్యాన్ని కొట్టే షూటర్ కోసం దీన్ని రూపొందించారు. సుమారు 800 మీటర్ల వరకు బాగా పనిచేస్తుంది.

కొండకు ఎదురు కొండ మీద పోస్టులున్న చోట ఆ దూరం చాలదు. అందుకే సైన్యం .338 లాపువా మాగ్నమ్ తూటా వాడే రైఫిల్ కోరింది. తూటా వ్యాసం సుమారు 8.6 మిల్లీమీటర్లు. ఈ తరగతి రైఫిళ్లు 1,500 మీటర్ల దాకా లక్ష్యాన్ని అందుకుంటాయి. వీటిలో ఎక్కువ భాగం బోల్ట్ యాక్షన్ రకం. అంటే ప్రతి తూటాకు చేత్తో బోల్ట్ లాగాలి. వేగం తగ్గినా గురి నిలకడగా ఉంటుంది.

కిలోమీటరు దూరం చేరడానికి ఈ తూటాకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో గాలి దాన్ని పక్కకు నెడుతుంది, గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. వంద మీటర్ల దగ్గర 3 సెంటీమీటర్ల తేడా వెయ్యి మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు అవుతుంది. అందువల్ల స్కోప్, దూరం కొలిచే పరికరం, నాణ్యత మారని తూటాలు, నిరంతర సాధన కలిసి ఉంటేనే రైఫిల్‌కు విలువ.

కొనుగోలు ఎలా సాగుతుంది?

2020 అక్టోబర్ 1 నుంచి రక్షణ కొనుగోళ్లకు డీఏపీ-2020 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు డీపీపీ-2016 ఉండేది. మెట్లు మాత్రం దాదాపు అవే.

మొదట సైన్యం కంపెనీల నుంచి సమాచారం కోరుతుంది. ఆయుధానికి ఏయే లక్షణాలుండాలో రాసుకుంటుంది. తర్వాత రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డీఏసీ ‘అవసరం ఉంది’ అని ఆమోదిస్తుంది. 2018 ఫిబ్రవరిలో జరిగింది ఇదే. ఈ ఆమోదం వస్తే ఆయుధం కొన్నట్టు కాదు. ఆ తర్వాతే టెండర్ పత్రం, అంటే ఆర్‌ఎఫ్‌పీ వెలువడుతుంది. బిడ్లు వచ్చాక సాంకేతిక పరిశీలన, ఎండలో, చలిలో, ఎత్తైన ప్రాంతాల్లో పరీక్షలు ఉంటాయి. పరీక్షల ఖర్చు కంపెనీదే. నెగ్గినవారిలో తక్కువ ధర చెప్పినవారితో బేరమాడి, విలువను బట్టి రక్షణ మంత్రి, ఆర్థిక మంత్రి లేదా కేబినెట్ భద్రతా వ్యవహారాల కమిటీ అనుమతి తీసుకుని ఒప్పందం చేసుకుంటారు.

లక్షణాల జాబితాలో తప్పు దొర్లితే దాని ఫలితం చివర్లో కనిపిస్తుంది. రెండు రకాల తూటాలు వాడగలిగేలా బ్యారెల్ మార్చుకునే రైఫిల్ కోసం 2011లో పిలిచిన టెండర్ నాలుగేళ్ల తర్వాత, 2015లో రద్దయింది.

తూటా దగ్గర మెలిక

స్నైపర్ రైఫిళ్లను ప్రపంచ మార్కెట్లో కొనాలని, తూటాలను మొదట దిగుమతి చేసుకుని తర్వాత దేశంలోనే తయారు చేయాలని 2018 నాటి నిర్ణయంలో ఉంది. ఆలోచన సరైనదే. తూటాల కోసం విదేశం మీద ఆధారపడితే యుద్ధ సమయంలో సరఫరా ఆగే ప్రమాదం ఉంది. కానీ రైఫిల్ చేసే కంపెనీ, తూటా చేసే కంపెనీ చాలాసార్లు వేర్వేరు. పైగా ఆర్డర్ కేవలం 5,719 రైఫిళ్లకు. ఇంత చిన్న సంఖ్య కోసం తూటా తయారీ పరిజ్ఞానాన్ని అప్పగించడానికి ఏ సంస్థకైనా పెద్ద ఆకర్షణ ఉండదు.

అడ్డదారి కాదు, అత్యవసర దారి

నార్తర్న్ కమాండ్ 2019 ప్రారంభంలో ఆర్మీ కమాండర్‌కున్న ప్రత్యేక ఆర్థికాధికారాలతో ఇటలీ బెరెటా సంస్థ స్కార్పియో టీజీటీ, అమెరికా బారెట్ సంస్థ ఎం95 రైఫిళ్లను కొంది. 2022లో ఫిన్లాండ్‌కు చెందిన సాకో టీఆర్‌జీ-42 నియంత్రణ రేఖకు చేరింది. పెద్ద సంఖ్యలకు ‘ఫాస్ట్ ట్రాక్’ పద్ధతి ఉంది. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్-716 రైఫిళ్లకు ఒప్పందం అలాగే కుదిరి, అదే ఏడాది డిసెంబర్‌లో సరఫరా మొదలైంది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఒక్కో కేసుకు రూ.300 కోట్ల వరకు అత్యవసర కొనుగోళ్లకు త్రివిధ దళాలకు అధికారమిచ్చారు.

ఈ దారిలో వేగం ఉంది, మూల్యమూ ఉంది. స్కార్పియో, సాకోలవి .338 తూటాలు. ఎం95ది అంతకంటే పెద్దదైన .50 తూటా. డ్రాగునోవ్‌ది వేరే 7.62 తూటా, సిగ్‌ది మరో 7.62 తూటా. పేరులో సంఖ్య ఒకటే అయినా ఈ రెండూ ఒకదానిలో మరొకటి పట్టవు. ప్రతి రకానికీ విడి భాగాలు, మరమ్మతు, శిక్షణ విడివిడిగా చూసుకోవాలి. కొద్ది సంఖ్యలో కొనే ఆయుధం కొన్ని యూనిట్లకే అందుతుంది. మిగతావారు పాత రైఫిల్‌తోనే కాపలా కాయాలి.

ఇప్పుడు దేశీయ పోటీ

2020 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన 101 వస్తువుల దిగుమతి నిషేధ జాబితాలో 7.62×51 స్నైపర్ రైఫిల్ కూడా ఉంది. బెంగళూరుకు చెందిన ఎస్ఎస్ఎస్ డిఫెన్స్ .308లో వైపర్, .338లో సాబెర్ రైఫిళ్లను రూపొందించింది. సాబెర్‌కు విదేశీ ఆర్డర్ వచ్చినట్లు 2024లో వార్తలు వెలువడ్డాయి. హైదరాబాద్‌కు చెందిన ఐకామ్ సంస్థ, యూఏఈ కంపెనీ కారకల్‌తో కలిసి చిన్న ఆయుధాల తయారీ చేపట్టింది. కారకల్ కార్బైన్లనే 2018లో ఫాస్ట్ ట్రాక్‌లో ఎంపిక చేసి, 2020లో ఆ కొనుగోలును రద్దు చేశారు.

దేశంలో తయారీదారులు ఉండడంతో 2018 నాటి ఇబ్బందుల్లో ఒకటి తగ్గింది. అయితే రైఫిల్, తూటా, స్కోప్, శిక్షణలను కలిపి ఒకే అవసరంగా చూసి, మార్కెట్లో దొరికే లక్షణాలనే టెండర్‌లో రాయడం ఇప్పటికీ సైన్యం, రక్షణ శాఖల చేతిలో ఉన్న పనే. అది మొదట్లోనే సరిగా జరిగితే, ముందు పోస్టులోని జవాను కమాండర్ ప్రత్యేకాధికారం కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండదు.