నథింగ్ ఫోన్ 2ఎ ఫస్ట్ ఇంప్రెషన్స్: రూ.23,999కి ఏమొచ్చింది.. ఎక్కడ తగ్గించారు?

వెనక లైట్లు వెలిగే ఫోన్ అనగానే గుర్తొచ్చే పేరు నథింగ్. 2024లో ఈ కంపెనీ మిడ్ రేంజ్‌లోకి దిగింది. 2024 మార్చి 5న ఢిల్లీలో జరిగిన ఈవెంట్‌లో నథింగ్ ఫోన్ 2ఎ లాంచ్ అయింది. మార్చి 12 మధ్యాహ్నం 12 గంటలకు ఫ్లిప్‌కార్ట్‌లో ఫస్ట్ సేల్ మొదలైంది. లాంచ్ సమయంలో బ్లాక్, వైట్ కలర్స్‌లో వచ్చింది.

వన్‌ప్లస్ కో-ఫౌండర్లలో ఒకరైన కార్ల్ పే 2020లో లండన్ కేంద్రంగా పెట్టిన కంపెనీ ఇది. మొదటి ఫోన్ 2022 జులైలో రూ.32,999 ప్రారంభ ధరతో వచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన ఫోన్ 2 ఏకంగా రూ.44,999 దగ్గర మొదలైంది. డిజైన్ నచ్చినా రేటు చూసి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఈ 2ఎ.

పాతిక వేల లోపు జీతంతో నెట్టుకొచ్చేవాళ్లకి ఈ ఫోన్ అంటే దాదాపు ఒక నెల జీతం. ఈఎంఐలో తీసుకుని మూడు నాలుగేళ్లు వాడాల్సిన వస్తువు. అందుకే లైట్ల సంగతి పక్కనపెట్టి, కంపెనీ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టింది, ఎక్కడ మిగుల్చుకుంది అనేది చూడాలి.

అసలు ధర ఎంత?

మొత్తం మూడు వేరియంట్లు. 2024 లాంచ్ ధరల ప్రకారం 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్నది రూ.23,999. అదే ర్యామ్‌తో 256 జీబీకి అప్పట్లో రూ.25,999. 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ మోడల్ ధర అప్పట్లో రూ.27,999.

మరి యాడ్స్‌లో కనిపించిన రూ.19,999 సంగతేంటి? అది అందరికీ వర్తించే ధర కాదు. బ్యాంక్ కార్డు మీద రూ.2,000, పాత ఫోన్ ఎక్స్‌చేంజ్ మీద అదనంగా మరో రూ.2,000 తగ్గితేనే ఆ లెక్క వచ్చేది. కార్డు లేనివాళ్లకి, ఎక్స్‌చేంజ్ ఇవ్వనివాళ్లకి అప్పట్లో రూ.23,999 కట్టాల్సి వచ్చేది.

దీనికి తోడు బాక్స్‌లో చార్జర్ లేదు. ఫోన్, కేబుల్, సిమ్ పిన్ మాత్రమే వస్తాయి. స్క్రీన్ మీద ప్రొటెక్టర్ ముందే అతికించి ఇస్తారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇచ్చిన కేబుల్‌కి రెండు వైపులా టైప్-సీ పిన్నే ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత చార్జర్‌కి వెడల్పాటి యూఎస్‌బీ పోర్ట్ ఉంటే ఈ కేబుల్ అందులో పట్టదు. వేరే కేబుల్ పెట్టినా 45 వాట్ల స్పీడ్ రావడం కష్టం. చాలా బ్రాండ్ల ఫాస్ట్ చార్జర్లు వాటి సొంత ఫోన్లకే పూర్తి స్పీడ్ ఇస్తాయి. పీడీ, పీపీఎస్ సపోర్ట్ ఉన్న టైప్-సీ చార్జర్ ఉంటే సరే, లేకపోతే ఆ ఖర్చు కూడా ఫోన్ ధరలో కలుపుకుని లెక్క వేసుకోవాలి.

చేతిలోకి తీసుకుంటే..

చూడగానే కళ్లు వెనక భాగం మీదకే వెళ్తాయి. రెండు కెమెరాలు పక్కపక్కనే, మధ్యలో, అచ్చం రెండు కళ్లలా ఉంటాయి. వాటి చుట్టూ మూడు ఎల్‌ఈడీ లైట్ పట్టీలు. పారదర్శకంగా కనిపించే బ్యాక్ ప్యానెల్ గాజు కాదు, పాలీకార్బొనేట్. ఫోన్ అంచులు కూడా ప్లాస్టిక్కే. గత రెండు ఫోన్లతో పోలిస్తే కంపెనీ మిగుల్చుకున్న మొదటి చోటు ఇదే.

ప్లాస్టిక్ అనగానే పెదవి విరవాల్సిన పనిలేదు. కింద పడితే వెనకవైపు గ్లాస్ పగిలే భయం లేదు, రిపేర్ ఖర్చు లేదు. కాకపోతే గీతలు తొందరగా పడతాయి. వేలిముద్రలు, దుమ్ము బ్లాక్ కలర్ మీద బాగా కనిపిస్తాయి. తాళాలతో పాటు ఒకే జేబులో వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు ట్రాన్స్‌పరెంట్ కేస్ ఒకటి వేసుకోవడం మంచిది.

బరువు 190 గ్రాములు, మందం 8.55 మిల్లీమీటర్లు. ఈ సైజ్ ఫోన్‌కి ఇది బరువేమీ కాదు. అంచులు ఫ్లాట్‌గా ఉండటంతో పట్టు బాగుంటుంది. వెడల్పు 76 మిల్లీమీటర్లు దాటడంతో ఒంటి చేత్తో పైదాకా అందుకోవడం మాత్రం చిన్న చేతులవాళ్లకి కష్టమే. వాల్యూమ్ బటన్లు ఎడమవైపు, పవర్ బటన్ కుడివైపు ఉంటాయి. మిగతా బ్రాండ్ల నుంచి మారేవాళ్లకి అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఐపీ54 రేటింగ్ ఉంది. అంటే వాన చినుకులు, చెమట, దుమ్ము వరకు ఫర్వాలేదు. బకెట్‌లో పడినా, స్విమ్మింగ్ పూల్‌లోకి తీసుకెళ్లినా గ్యారెంటీ లేదు.

డిస్‌ప్లే: డబ్బు కనిపించేది ఇక్కడే

ముందువైపు 6.7 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్లస్ అమోలెడ్ స్క్రీన్ ఇచ్చారు. రిఫ్రెష్ రేట్ 120 హెర్ట్జ్. నాలుగు వైపులా అంచులు ఒకే మందంతో ఉండటం ఈ ధరలో అరుదు. చాలా మిడ్ రేంజ్ ఫోన్లలో కింది అంచు కాస్త లావుగా ఉంటుంది. ఇందులో అది లేదు.

పీక్ బ్రైట్‌నెస్ 1,300 నిట్స్ అని కంపెనీ చెబుతోంది. ఏప్రిల్, మే ఎండల్లో బైక్ మీద మ్యాప్ చూసుకునే డెలివరీ బాయ్స్‌కి, క్యాబ్ డ్రైవర్లకి పనికొచ్చే విషయం ఇది. కాకపోతే ఫోన్ బాగా వేడెక్కితే ఏ స్క్రీన్ అయినా వెలుతురు తగ్గించుకుంటుంది. ఎండలో చార్జింగ్ పెట్టి మ్యాప్ నడిపితే ఇదీ అందుకు మినహాయింపు కాదు.

రక్షణగా గొరిల్లా గ్లాస్ 5 వాడారు. ఇది కొత్త తరం గ్లాస్ కాదు. ఫింగర్‌ప్రింట్ సెన్సర్ స్క్రీన్ కిందే ఉంది. ఇది ఆప్టికల్ రకం కాబట్టి తడి వేళ్లతో ఒకటికి రెండుసార్లు పెట్టాల్సి రావచ్చు. స్టీరియో స్పీకర్లు ఉన్నాయి. 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్ లేదు.

పర్ఫామెన్స్ ఎలా ఉంది?

లోపల ఉన్నది మీడియాటెక్ డైమెన్సిటీ 7200 ప్రో ప్రాసెసర్. 4 నానోమీటర్ల టెక్నాలజీతో తయారైంది. గరిష్ఠంగా 2.8 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు పెద్ద కోర్లు, 2 గిగాహెర్ట్జ్‌తో నడిచే ఆరు చిన్న కోర్లు ఉంటాయి. వాట్సాప్, యూట్యూబ్, రీల్స్, యూపీఐ పేమెంట్స్, మ్యాప్స్.. రోజూ వాడే పనుల్లో ఎక్కడా తడబాటు కనిపించదు. యాప్స్ మధ్య మారడం స్మూత్‌గా ఉంటుంది.

గేమింగ్ విషయానికొస్తే మామూలుగా ఆడుకునేవాళ్లకి సరిపోతుంది. గంటల తరబడి హై గ్రాఫిక్స్‌లో ఆడేవాళ్ల కోసం తయారైన ఫోన్ మాత్రం కాదు.

స్టోరేజ్ దగ్గర ఒక్క మాట. మెమరీ కార్డ్ స్లాట్ లేదు. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడే ఫార్వర్డ్‌లు కలిస్తే 128 జీబీ రెండేళ్లు తిరక్కుండానే నిండిపోవచ్చు. ఎక్కువ కాలం వాడాలనుకుంటే కాస్త ఎక్కువైనా 256 జీబీ వేరియంట్ తీసుకోవడమే నయం.

సాఫ్ట్‌వేర్: అసలు ప్లస్ పాయింట్

ఈ ఫోన్‌ని మిగతావాటి నుంచి వేరు చేసేది లైట్లు కాదు, సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ 14 ఆధారంగా పనిచేసే నథింగ్ ఓఎస్ 2.5తో వచ్చింది. లాంచ్ సమయంలో ఫోన్ ఆన్ చేయగానే అడగని గేమ్స్, షాపింగ్ యాప్స్ కనిపించలేదు. లాక్ స్క్రీన్ మీద యాడ్స్ రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఎప్పుడో పొరపాటున నొక్కిన యాడ్ ఏం తెచ్చిపెడుతుందో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుసు.

కంపెనీ మూడేళ్ల ఆండ్రాయిడ్ అప్‌డేట్స్, నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తామని మాటిచ్చింది. అంటే 2028 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు రావాలి. బ్యాంక్ యాప్స్, యూపీఐ అన్నీ ఫోన్‌లోనే నడుస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

సిస్టమ్ భాషగా తెలుగు పెట్టుకోవచ్చు. గూగుల్ కీబోర్డ్‌లో తెలుగులో మాట్లాడి టైప్ చేసుకునే సౌకర్యం కూడా ఉంది.

అయితే కాల్స్ కోసం ఇందులో గూగుల్ డయలర్ వాడారు. కాల్ రికార్డ్ నొక్కితే అవతలివాళ్లకి రికార్డ్ అవుతున్నట్టు అనౌన్స్‌మెంట్ వినిపిస్తుంది. వ్యాపారం కోసం ఆర్డర్లు రికార్డ్ చేసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

ఇక గ్లిఫ్ లైట్ల విషయం. ఫోన్ బోర్లా పెడితే కాల్, మెసేజ్ వచ్చినప్పుడు ఇవి వెలుగుతాయి. ఒక్కొక్కరికి ఒక్కో లైట్ ప్యాటర్న్ పెట్టుకోవచ్చు. టైమర్ పెడితే లైట్ పట్టీ తగ్గుతూ సమయం చూపిస్తుంది. చీకట్లో ఫోటో తీసేటప్పుడు మెత్తటి వెలుతురుగానూ పనికొస్తుంది. మొదటి వారం ఇష్టంగా వాడతారు. ఆ తర్వాత మీటింగ్స్‌లో, క్లాసుల్లో ఫోన్ బోర్లా పెట్టుకునేవాళ్లకే ఉపయోగం.

కెమెరా: మెయిన్ ఓకే, మిగతావి?

వెనక రెండే కెమెరాలు. రెండూ 50 మెగాపిక్సెల్స్. పేరుకి మాత్రం ఉండే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా జోలికి కంపెనీ పోలేదు. మెయిన్ కెమెరాకి ఓఐఎస్ ఉంది. అంటే చెయ్యి కాస్త వణికినా ఫోటో చెదిరిపోకుండా లెన్స్ సర్దుకుంటుంది. నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి మామూలుగా 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. పగటి వెలుతురులో ఫోటోలు సహజంగా, రంగులు మరీ అద్దినట్టు కాకుండా వస్తాయి.

114 డిగ్రీల అల్ట్రావైడ్ కెమెరాకి ఓఐఎస్ లేదు, సెన్సర్ కూడా చిన్నది. గుడి గోపురాన్నో, పెళ్లి మండపాన్నో పగటిపూట ఫ్రేమ్‌లో పట్టించడానికి బాగుంటుంది. రాత్రి మాత్రం మెయిన్ కెమెరాకే కట్టుబడి ఉండటం మేలు. జూమ్ కోసం ప్రత్యేక లెన్స్ లేదు. సెల్ఫీ కెమెరా 32 మెగాపిక్సెల్స్. 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేమ్స్ వరకే, 60 ఫ్రేమ్స్ కావాలంటే ఫుల్ హెచ్‌డీకి దిగాలి.

బ్యాటరీ, నెట్‌వర్క్

5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇచ్చారు. 45 వాట్ల చార్జర్‌తో 59 నిమిషాల్లో ఫుల్ అవుతుందని కంపెనీ లెక్క. వైర్‌లెస్ చార్జింగ్ తీసేశారు. రెండు నానో సిమ్‌లు వేసుకోవచ్చు, ఈ-సిమ్ లేదు. 5జీ, ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి.

పోటీలో ఎవరున్నారు?

2024 జనవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 13 ప్రో, రియల్‌మీ 12 ప్రో.. రెండూ రూ.25,999 దగ్గరే మొదలయ్యాయి. రెండింటికీ 67 వాట్ల చార్జర్ బాక్స్‌లోనే వస్తుంది. రెడ్‌మీలో 200 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా, ఇంకాస్త షార్ప్ స్క్రీన్ ఉన్నాయి. రియల్‌మీలో పోర్ట్రెయిట్స్ కోసం 2ఎక్స్ జూమ్ లెన్స్ ఉంది. అయితే రెండింటి అల్ట్రావైడ్ కెమెరా 8 మెగాపిక్సెల్సే.

ఎవరు తీసుకోవచ్చు? ఎవరు ఆగాలి?

క్లీన్ సాఫ్ట్‌వేర్, మంచి స్క్రీన్, మూడు నాలుగేళ్లు నడిచే ఫోన్ కావాలనుకునేవాళ్లకి ఇది మంచి ఆప్షన్. బాడీ, చార్జర్ దగ్గర మిగుల్చుకున్న డబ్బుని కంపెనీ రోజూ వాడే చోటే పెట్టింది.

జూమ్ కెమెరా, బాక్స్‌లో చార్జర్, మెమరీ కార్డ్ తప్పనిసరి అనుకుంటే వేరే ఫోన్లు చూసుకోవచ్చు. కాల్ రికార్డింగ్ పని ఉన్నవాళ్లూ ఆలోచించాలి.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ దాటి ఉండేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. వారంటీ ఏడాదే. స్క్రీన్ పగిలితే రిపేర్ కోసం వంద కిలోమీటర్లు వెళ్లాల్సి వస్తే, ఆఫర్‌లో తగ్గిన రెండు వేలకి లెక్కే ఉండదు.