దహన కటకం నుంచి ప్రతిబింబం వరకు

ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఈ లెక్క పరిచితమే. కుంభాకార కటకానికి 30 సెం.మీ. దూరంలో కొవ్వొత్తిని ఉంచాము. తెర మీద దాని ప్రతిబింబం రెండింతలుగా పడింది. అంటే ప్రతిబింబ దూరం కూడా వస్తు దూరానికి రెండింతలు, 60 సెం.మీ. అన్నమాట. ఈ రెండు దూరాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే నాభ్యంతరం 20 సెం.మీ. అని తేలుతుంది. ఇంత చిన్న లెక్క వెనుక ఎందరి కృషి దాగి ఉన్నదో పాఠ్యపుస్తకం చెప్పదు.

క్రీ.శ. 984 ప్రాంతంలో బాగ్దాదులో ఇబ్ను సహ్ల్ దహన సాధనాలపై ఒక గ్రంథం రచించారు. వెలుగును కూడగట్టి నిర్ణీత దూరంలోని వస్తువును మండించడం ఎలా? ఇదీ ఆయన ప్రశ్న. సూర్యుని వంటి సుదూర జ్యోతికి ఒక వైపు సమతలంగా, మరో వైపు అతిపరావలయాకారంగా ఉండే కటకాన్ని ఆయన సూచించారు. దగ్గరి దీపానికైతే అటువంటి రెండింటిని వీపులు కలిపి అతికించినట్లుండే కటకం కావాలన్నారు. స్ఫటికంలో కిరణం వంగే తీరుకు ఆయన వాడిన స్థిర నిష్పత్తి, ఐరోపాలో స్నెల్ 1621లో కనుగొన్న నియమానికి సమానం. డమాస్కస్, టెహ్రాన్ నగరాల్లో చెదరిపోయి ఉన్న ఆ వ్రాతప్రతులను జతపరచి, రోష్దీ రాషిద్ 1990లో ఈ సంగతి లోకానికి తెలిపారు.

అయితే నేటి సూత్రమంతా ఆనాడే ఉన్నదనడం సరికాదు. ఇబ్ను సహ్ల్ వద్ద దూరాలు రెండూ ఉన్నాయి, ప్రతిబింబం లేదు. ఒక బిందువు నుంచి వచ్చిన వెలుగు మరో బిందువును చేరి మండిస్తే ఆయన పని నెరవేరినట్లే. బిందువుకు రెండింతలు, మూడింతలు ఎక్కడివి?

వస్తువులోని ప్రతి బిందువు నుంచీ అన్ని దిక్కులకూ వెలుగు ప్రసరిస్తుందని ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలో 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించారు. ఆ గ్రంథపు లాటిన్ అనువాదం 1572లో బాసెల్‌లో అచ్చయింది. వస్తువులోని ఒక్కొక్క బిందువుకు ప్రతిబింబంలో ఒక్కొక్క బిందువును జతచేసి, కంటిలో బొమ్మ ఏర్పడే తీరును కెప్లర్ 1604లో వివరించారు. 1611లో కటకాలపై ప్రత్యేక గ్రంథమే వ్రాశారు. ఆవర్ధనానికి అర్థం ఏర్పడింది ఈ మార్గానే.

మన 'నాభి' అనే మాటలో నిప్పు కనిపించదు. కాని కెప్లర్ వాడిన లాటిన్ మాట 'ఫోకస్'కు పొయ్యి అని అర్థం. ఆ నిప్పు జాడ ఇబ్ను సహ్ల్ ప్రశ్నలోనే ఉన్నది. ఎవరి వంతు వారికి ఇవ్వడం అమానత్. లేని ఘనతను అంటగడితే, ఉన్న ఘనతను కూడా లోకం శంకిస్తుంది.