కోల్టిట్స్: రాటర్‌డామ్ నుంచి పారిస్ దాకా

హిట్లర్ నేలమట్టం చేయమన్నా వినకుండా పారిస్‌ను కాపాడిన జర్మన్ జనరల్‌గా డీట్రిష్ ఫాన్ కోల్టిట్స్ లోకానికి తెలుసు. ఆ పేరంతా 1944 ఆగస్టులోని రెండు వారాలు తెచ్చిపెట్టిందే. అంతకు ముందరి ముప్పై ఏళ్ల సైనిక జీవితం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1894లో సైలీషియాలో, సైనికుల ఇంట పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలో పోరాడాడు. 1940 మే 10న లెఫ్టినెంట్ కల్నల్‌గా తన బెటాలియన్‌తో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ శివారులో ఉన్న వాల్‌హావెన్ విమానాశ్రయంలో దిగాడు. మాస్ నది వంతెనలు పట్టుకుని, జర్మన్ ట్యాంకులు వచ్చేదాకా వదలకూడదు. అదీ అప్పగించిన పని. వంతెన ఉత్తరపు కొసన కొద్దిమంది జర్మన్లు ఒక భవనంలో చిక్కుకుపోయారు. దక్షిణాన ఉన్నవాళ్లకు అటు వెళ్లే దారి లేదు. 14న డచ్‌వాళ్లతో లొంగుబాటు చర్చలు నడుస్తుండగానే జర్మన్ బాంబర్లు వచ్చేశాయి. కిందనుంచి జర్మన్లే ఎర్ర సంకేతాలు వదిలితే కొన్ని వెనుదిరిగాయి, తక్కినవి ఆగలేదు. సుమారు 850 మంది చనిపోయారు, నగరం నడిబొడ్డు బూడిదైంది. కొద్ది రోజులకే కోల్టిట్స్‌కు నైట్స్ క్రాస్ పతకం వచ్చింది. బాంబులు వేయించింది అతను కాదు, నిజమే. అయినా నగరాన్ని కాపాడినవాడి కథ చెప్పేటప్పుడు రాటర్‌డామ్‌ను దాటేయడం కుదరదు.

1942లో సెవస్తపోల్ ముట్టడిలో రెజిమెంట్‌ను నడిపాడు. కోట పడింది గానీ ఆ రెజిమెంట్‌లో చివరికి మిగిలింది కొన్ని వందల మందే. ఆ తర్వాత పదోన్నతులు, ట్యాంకు డివిజన్, ఇటలీ. 1944 జూన్‌లో నార్మండీలో ఒక కోర్ అప్పగించారు. జులై చివర అమెరికన్లు దాన్ని చీల్చుకుని ముందుకు దూసుకెళ్లారు. కోల్టిట్స్‌ను తప్పించారు. చిత్రమేమిటంటే, పదాతిదళ జనరల్ హోదా వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు 1న.

వారం తిరక్కుండానే హిట్లర్ పిలిచి పారిస్ అప్పజెప్పాడు. చేతిలో ఉన్నది సుమారు 20 వేల మంది, వాళ్లలో ఆఫీసు పనులు చేసేవాళ్లే ఎందరో. 19న నగరం తిరగబడింది. స్వీడన్ కాన్సల్ నార్డ్‌లింగ్ మధ్యవర్తిత్వంతో కాల్పుల విరమణ కుదిరినా నిలవలేదు. పారిస్ దక్కకపోతే శిథిలాలుగానే మిగలాలన్న ఆజ్ఞ 23న వచ్చింది. అయినా కోల్టిట్స్ వంతెనలు పేల్చలేదు. 25న మ్యూరిస్ హోటల్లో పట్టుబడి, ఫ్రెంచ్ జనరల్ లెక్లెర్క్‌కు లొంగిపోయాడు.

హిట్లర్‌కు పిచ్చి పట్టిందని గ్రహించి ధిక్కరించానని తర్వాత రాసుకున్నాడు. నా మటుకు, అది దయ కన్నా లెక్క అనిపిస్తుంది. యుద్ధం ఓడిపోయిందని, తనను పట్టుకోబోయేది మిత్రరాజ్యాలవాళ్లని అతనికి తెలుసు. అతని ఏలుబడిలోనే ఆగస్టు 15న పాంటాన్ స్టేషన్ నుంచి రెండు వేలకు పైగా ఖైదీలతో రైలు జర్మనీకి కదిలింది. మర్నాడే బువా ద బులోన్ అడవిలో 35 మంది యువకులను కాల్చేశారు.

1965లో ల్యారీ కాలిన్స్, డొమినిక్ లాపియేర్‌ల పుస్తకం అతన్ని కథానాయకుణ్ణి చేసింది. మన పాఠకులు ఎరిగిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ రాసింది కూడా ఆ ఇద్దరే. మరుసటి ఏడు సినిమా వచ్చింది, ఆ నవంబరులోనే కోల్టిట్స్ చనిపోయాడు. లండన్ దగ్గరి ట్రెంట్ పార్క్‌లో జర్మన్ జనరళ్లను బందీలుగా ఉంచి, బ్రిటిష్ వాళ్లు చాటుగా రికార్డు చేసిన సంభాషణలు 2005లో పుస్తకంగా వెలువడ్డాయి. తాను చేసిన పనుల్లోకెల్లా కష్టమైనది యూదుల నిర్మూలనేనని, ఆ ఆజ్ఞను మాత్రం పూర్తిగా అమలు చేశానని కోల్టిట్స్ తోటి బందీతో చెప్పడం వాటిలో ఉంది. 1947లో అతన్ని విడుదల చేశారు. విచారణ ఏదీ జరగలేదు.