పిల్లల మధుమేహం: జీవన నాణ్యతను కొలవడం నేర్చిన చరిత్ర

మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశంలోని ఎన్నో బడులకు చేరేవి. పలకపై అంకె వేసినంత సులభంగా నేడు మధుమేహమున్న పిల్లల రక్తంలోని చక్కెరను కొలవగలుగుతున్నాము. కాని ఆ బిడ్డ బడిలో, ఇంట్లో, స్నేహితుల మధ్య ఎలా జీవిస్తున్నదో పరీక్ష చీటీ చెప్పదు. దానిని కూడా కొలవాలని వైద్యశాస్త్రం గ్రహించడానికి చాలా కాలం పట్టింది.

1922 జనవరి 11న కెనడాలోని టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటికి అతని బరువు సుమారు 29 కిలోలు. మొదటి మోతాదు ఆశించిన ఫలితమివ్వలేదు. కాలిప్ మరింత శుద్ధిచేసిన మందును జనవరి 23న ఇచ్చినప్పుడు చక్కెర తగ్గింది. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించాడు. అంతకుముందు టైప్ 1 మధుమేహం సోకిన పిల్లలు కొద్దికాలంలోనే మరణించేవారు. కనుక ఆనాడు వైద్యుల ముందున్న ప్రశ్న ఒక్కటే: బిడ్డ బ్రతుకుతాడా?

ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో నిర్వచించింది. అయినా మధుమేహ చికిత్సలో చాలాకాలం చక్కెర అంకెలదే రాజ్యం.

1983లో అమెరికా, కెనడాలలో 13 నుండి 39 ఏండ్ల వయసున్న 1,441 మందితో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందులో సగం మందికి రోజుకు మూడు లేదా అంతకు మించి ఇన్సులిన్ సూదులు, లేదా పంపు. పదేపదే వేలి రక్తపరీక్ష. ఇంత కఠినమైన చికిత్స జీవితాన్ని భారం చేయదా? ఈ సందేహం నుండే ఒక ప్రశ్నావళి పుట్టి 1988లో వెలువడింది. 1991లో ఇంగర్‌సాల్, మరెరో దానిని కౌమార వయస్కులకు అనువుగా మలిచారు. కఠిన చికిత్స కన్ను, మూత్రపిండం, నరాల జబ్బులను బాగా తగ్గిస్తుందని 1993లో తేలింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మాత్రం సుమారు మూడింతలయ్యాయి. అయినప్పటికీ జీవన నాణ్యత తగ్గలేదని ఆ ప్రశ్నావళే చూపింది.

17 దేశాలలోని 2,101 మంది కౌమార వయస్కుల అధ్యయనం 2001లో వెలువడింది. చక్కెర అదుపులో ఉన్నవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉందనీ, ఆడపిల్లలలో ఆందోళన ఎక్కువనీ అది తెలిపింది. 2003లో వచ్చిన 28 ప్రశ్నల కొలమానం పిల్లలనూ తల్లిదండ్రులనూ వేర్వేరుగా అడుగుతుంది. ఇద్దరి సమాధానాలు తరచు ఒకటి కావు.

ఇక మన పశ్చిమ ప్రకాశం సంగతి. ఆ ప్రశ్నలను తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. గిద్దలూరు దగ్గరి పల్లెలో ఉన్న బాలికను అడగవలసినవి వేరు. వేసవిలో ఇన్సులిన్ సీసాను ఎక్కడ దాస్తున్నావు, ఫ్రిజ్‌లోనా, తడి మట్టికుండలోనా? బడిలో సూది వేసుకోవడానికి మరుగైన చోటుందా? చక్కెర పడిపోతే బెల్లం తినడానికి ఉపాధ్యాయుడు అనుమతిస్తాడా? ఆసుపత్రికి వెళ్లేరోజు అమ్మానాన్నల కూలి పోతున్నదా? పెళ్లి సంబంధాలు చెడిపోతాయని జబ్బు దాచమంటున్నారా?

చివరి ప్రశ్న చిన్నది కాదు. జబ్బు దాచే బిడ్డ సూదిని కూడా దాస్తుంది. నలుగురిలో ఉన్నప్పుడు మోతాదు మానేస్తుంది. టైప్ 1లో ఇన్సులిన్ ఆపితే కొద్దిరోజులలోనే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. కనుక జీవన నాణ్యత చక్కెర అంకెకు వెలుపలి విషయం కాదు. ఆ అంకె ఎందుకు పెరిగిందో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

తల్లిదండ్రులారా, ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు బిడ్డ ఆయనతో ఒంటరిగా కొద్దిసేపు మాట్లాడనివ్వండి. వైద్య మిత్రులారా, చీటీ చూడకముందే "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, సమాధానం పూర్తయ్యేవరకు వినండి. మొదటి కొలత అదే.