గాఫర్ టేపు

గాఫర్ టేపు ఒత్తితే అంటుకునే గుడ్డ టేపు. వేదికల మీద, షూటింగుల్లో, ఫంక్షన్ హాళ్లలో కరెంటు వైర్లు, మైకు వైర్లు కాళ్లకు తగలకుండా నేలకు అంటించి ఉంచడానికి దీన్ని వాడతారు. పని ముగిశాక జిగురు మిగల్చకుండా ఊడిరావడం దీని గుణం. చూడ్డానికి ఇలాగే ఉండే డక్ట్ టేపుకు ఆ గుణం లేదు. ఈ వ్యాసంలో టేపు సంగతితో పాటు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేలల మీద, అక్కడి ఎండల్లో దాని వాడకం గురించి కూడా ఉంది. 2016 అక్టోబరు విభజనలో ఈ రెండూ ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి. కొన్ని మండలాలు సిద్దిపేట, వరంగల్ వైపు జిల్లాల్లో కలిశాయి. ఇక్కడ పాత పేర్లే పాత హద్దులతో వాడాం.

పేరు, పుట్టుక

సినిమా, నాటకరంగాల్లో దీపాల బృందానికి పెద్దను ఇంగ్లీషులో గాఫర్ అంటారు. ఆ మాటకు రెండు వ్యుత్పత్తులు చెబుతారు. జ్ఞానపిత అనే అర్థమున్న 'గాడ్‌ఫాదర్' కుదించుకుపోయి ముసలాయన, పెద్దాయన, తర్వాత మేస్త్రీ అయిందన్నది ఒకటి. ఎత్తున ఉన్న దీపాలను, తెరలను జరపడానికి వాడిన 'గాఫ్' అనే కొక్కెపు కర్ర నుంచి వచ్చిందన్నది మరొకటి. రెండోది వినసొంపుగా ఉన్నా, సినిమా పుట్టకముందే, 19వ శతాబ్దంలోనే, పనివాళ్ల పెద్ద అనే అర్థంలో ఈ మాట వాడుకలో ఉంది కనుక మొదటిదే ఎక్కువ పొసగుతుంది.

టేపు పుట్టుకను సాధారణంగా అమెరికన్ ఛాయాగ్రాహకుడు రాస్ లోవెల్‌తో, 1959తో ముడిపెడతారు. తను తయారుచేసిన తేలికపాటి దీపాన్ని గోడకో తలుపుకో అంటించి నిలపడానికి, వేడికి తట్టుకునే వెండిరంగు గుడ్డకు పర్మాసెల్ కంపెనీ జిగురును జతచేయించాడని కథనం. అంతకుముందే సెట్లలో గుడ్డ టేపులు వాడేవారని చెప్పేవారూ ఉన్నారు. రెంటికీ వైరుధ్యం అక్కర్లేదు. వస్తువు మెల్లమెల్లగా రూపుదిద్దుకుంది, దానికి పేరుపెట్టి బజారుకు తెచ్చింది లోవెల్ అనుకుంటే సరిపోతుంది.

డక్ట్ టేపు అంతకంటే పాతది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, ఇల్లినాయిలోని మందుగుండు కర్మాగారంలో పనిచేసే వెస్టా స్టౌట్ అనే ఆమె తూటాల పెట్టెలకు నీరు చొరని గుడ్డ టేపు వేయాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాసింది. దాన్ని తయారుచేసే పని జాన్సన్ అండ్ జాన్సన్‌కు దక్కింది. దాన్ని మొదట 'డక్' టేపు అన్నారు. బాతు రెక్కల మీది నీళ్లలా జారిపోతుంది కనుక ఆ పేరన్న కథ ప్రచారంలో ఉంది. కాని 'డక్' అనే ముతక నూలుగుడ్డ పట్టీలకు ఆ మాట 20వ శతాబ్దం మొదట్లోనే ఉంది కనుక గుడ్డ పేరే టేపుకు వచ్చిందనుకోవడం సబబు.

గుడ్డ

మంచి గాఫర్ టేపు వెనుక దట్టంగా నేసిన నూలుగుడ్డ, దాని మీద మెరుపు లేని వినైల్ పూత ఉంటాయి. మెరుపు లేకపోవడానికి కారణం దీపాలే: వెలుగు తిరిగి కెమెరాకు కొట్టకూడదు. డక్ట్ టేపులో ఇది తలకిందులు. పైన మెరిసే పాలిథీన్, లోపల దూరం దూరంగా అల్లిన పలుచని వల. దాన్ని తిప్పి చూస్తే జిగురులో గళ్లు కనిపిస్తాయి.

చేత్తో అడ్డంగా చించినప్పుడు కత్తిరించినట్టు తిన్నగా రావడం మరో గుర్తు. సిరిసిల్ల మరమగ్గం దగ్గర నిలబడ్డవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. టేపు నిలువున పడుగు, అడ్డంగా పేక. మొదటి పడుగు పోగు తెగగానే చిరుగు పేక పోగు పట్టుకుని ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు నడుస్తుంది. నూలుపోగు కురచ పింజలను పురిపెట్టి చేసింది కనుక గోటితో లాగితే తెగుతుంది. సిరిసిల్లలో ఎక్కువగా నేసే పాలిస్టర్ పోగు సాగుతుందే తప్ప తెగదు. అందుకే పాలిస్టర్ గుడ్డ కలిపిన టేపును చించబోతే అంచు పీచు పీచుగా లేచి, చివరికి పళ్లకు పని పడుతుంది.

జిగురు

గాఫర్ టేపు జిగురులో సహజ లేక కృత్రిమ రబ్బరు, దానికి అతుకుగుణమిచ్చే గుగ్గిలం వంటి రెసిన్లు, జింక్ ఆక్సైడు, సున్నపురాతి పొడి వంటి పూరకాలు కలుస్తాయి. ఇది ఆరి గట్టిపడే జిగురు కాదు. నిర్మల్ బొమ్మల పనివాళ్లు పొనికి కర్ర ముక్కలను అతకడానికి చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి చేసుకునే లప్పం ఆరితే కర్రలో భాగమైపోతుంది. ఆదిలాబాద్ అడవుల తపసి బంక నీటిలో ఉబ్బుతుంది, ఆరితే బిగుస్తుంది. టేపు జిగురు ఎప్పటికీ తడీ పొడీ కాని మధ్యస్థితిలోనే ఉంటుంది. ఒత్తినప్పుడు నేల గరుకులోకి పాకేంత మెత్తదనం, లాగినప్పుడు తెగిపోకుండా గుడ్డతో కలిసివచ్చేంత బిగువు దానికి ఒకేసారి కావాలి. టేపు మంచిచెడ్డలన్నీ ఈ రెంటి తూకమే.

లాగినప్పుడు రెండు విధాలు జరగవచ్చు. జిగురు నేలను వదిలి గుడ్డతో వచ్చేస్తే నేల శుభ్రం. జిగురు తన మధ్యలోనే తెగితే సగం నేల మీద, సగం గుడ్డ మీద మిగులుతుంది. తీగపాకంలా పోగులు సాగుతూ కనిపించేది ఈ రెండో రకం. వేడి పెరిగేకొద్దీ, అంటించి ఉంచిన కాలం పెరిగేకొద్దీ మొదటిది రెండోదవుతుంది.

ఎండ, చలి

రామగుండం, కరీంనగర్, మంచిర్యాల ప్రాంతాల్లో మే నెలలో పగటి వేడి 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. వైశాఖ, జ్యేష్ఠాల్లోనే పెళ్లి ముహూర్తాలు దట్టం. ఆరుబయట పందిరి బయటికి వచ్చిన వైరు మీది నల్లటి టేపు గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, మధ్యాహ్నం వేలు ఆనించలేం. కరిగించి పూసే చవక రకం కృత్రిమ రబ్బరు జిగుర్లు ఇలాంటి చోట బిగువు కోల్పోతాయి. అంచుల నుంచి సన్నటి నల్లని గీతలా బయటికి ఊరి, దానికి దుమ్ము పట్టుకుంటుంది. అదే టేపును అదే నేల మీద జనవరిలో వాడితే మచ్చ లేకుండా రావచ్చు. కనుక ఒక టేపు మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఏ నెలలో, ఎన్ని గంటలు అన్నది కలిపితే తప్ప జవాబు లేదు.

ఆదిలాబాద్ వైపు తిప్పలు వేరు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యే నాటికి రాత్రి వేడిమి 10 డిగ్రీల లోపుకు దిగవచ్చు. అంత చలిలో జిగురు బిరుసెక్కి అంటదు, కాసేపటికి టేపు అంచు లేస్తుంది. చుట్టను కాసేపు చంకలోనో దుప్పటిలోనో ఉంచి వెచ్చబరచి, అంటించాక మడమతో గట్టిగా తొక్కుకుంటూ పోవడం తప్ప దీనికి పెద్ద ఉపాయమేమీ లేదు.

చుట్టలు కూడా పాడవుతాయి. తయారీదారులు సాధారణంగా ఏడాది లోపు వాడమంటారు, అదీ నీడపట్టున ఉంచితే. రేకుల గోదాములో ఒక వేసవి గడిపిన చుట్ట పక్కలు జిడ్డుగా మెరుస్తాయి. చుట్టలను ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో మైనపు కాగితం వేయాలి, లేదంటే విడదీసేటప్పుడు అంచులు చిరుగుతాయి.

నేలలు

కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ గ్రానైటు విదేశాలకు వెళ్తుంది. మెరుగుపెట్టిన గ్రానైటు పలకలు ఇక్కడి కొత్త ఫంక్షన్ హాళ్లలోనూ కనిపిస్తాయి. టేపుకు ఇంతకంటే మంచి నేల లేదు: నునుపు, గట్టి, దాదాపు ఏమీ పీల్చదు. పలకల మధ్య సందుల్లోకి మాత్రం జిగురు దిగుతుంది. టేపును సందు వెంబడి కాక, సందును అడ్డంగా దాటేలా పరవడం మేలు.

పాత హాళ్లలో, బడుల్లో ఉండే షాబాదు బండ సంగతి అది కాదు. ఇది తాండూరు, షాబాదు వైపు నుంచి వచ్చే సున్నపురాయి. పీల్చే గుణం ఉంది. రెండు రోజులు టేపు ఉంటే జిగురులోని నూనె రాతిలోకి దిగి, టేపు వెడల్పున ముదురు పట్టీ మిగులుతుంది. దాన్ని చూసి కంగారుపడి నిమ్మరసమో వెనిగరో బాత్‌రూం యాసిడో పోస్తే జరిగేది మరీ అన్యాయం. ఆమ్లం సున్నపురాతిని తినేస్తుంది, మరక పోకపోగా మెరుపు పోయిన తెల్లటి మచ్చ మిగులుతుంది. పాలరాతికీ ఇదే వర్తిస్తుంది.

సిమెంటు గచ్చు మీద టేపు సిమెంటు దుమ్ముకే అంటుతుంది, గచ్చుకు కాదు. గోదావరిఖని వంటి బొగ్గు ఊళ్లలో సన్నటి నల్లదుమ్ము ఏ నేల మీదైనా ఇదే పని చేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. తడి మీద ఏ టేపూ నిలవదు. సున్నం వేసిన గోడకు అంటిస్తే సున్నం పెచ్చుతో ఊడివస్తుంది. పేడతో అలికిన నేల మీద టేపు ప్రయత్నమే దండగ. అక్కడ వైరును చాప కింద నడపడమో, గట్టు పక్కగా పోనివ్వడమో చేయాలి.

నిర్మల్ చిత్రాలకు, రంగువేసిన చెక్క బొమ్మలకు, పాత కాగితాలకు, ఆలయ శిలలకు ఎంత మంచి టేపూ అంటించరాదు.

ఎంచుకోవడం

దుకాణంలో గాఫర్ టేపు అడిగితే చాలాసార్లు వెండిరంగు డక్ట్ టేపో, నల్లరంగు వేసిన అదే సరుకో చేతికిస్తారు. చుట్ట మీది పేరు చూసి నమ్మేకన్నా జానెడు విప్పి చూడడం మంచిది. పైభాగం బూడిద రాసినట్టు మెరుపు లేకుండా ఉండాలి, జిగురు వైపు గళ్లు కనిపించకూడదు, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి చించితే అంచు తిన్నగా రావాలి. ఇవి మూడూ ఉన్నా జిగురు ఎలాంటిదో కళ్లకు తెలియదు. ఒక ముక్కను హాలు మూల అదే నేల మీద, వీలైతే ఎండ తగిలే చోట ఒకరోజు ఉంచి పీకి చూడాలి. పెద్ద పనికి ముందు దీన్ని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత గీకుతూ కూర్చుంటారు.

48 మిల్లీమీటర్ల వెడల్పు ఎక్కువగా దొరుకుతుంది, ఒకటి రెండు మైకు వైర్లకు సరిపోతుంది. మందపాటి కరెంటు కేబులుకూ నాలుగైదు వైర్ల కట్టకూ 72 లేక 96 కావాలి. వైరుకు అటూ ఇటూ కనీసం వేలి వెడల్పు నేలను పట్టాలన్నది లెక్క.

పరవడం, పీకడం

వైర్లను మెలికలు లేకుండా పక్కపక్కన సర్ది, ముందు మూడడుగులకొకటి చొప్పున అడ్డముక్కలు వేసి, తర్వాత నిలువునా పొడుగు టేపు పరుస్తారు. ఒకరు చుట్ట విప్పుతూ వెనక్కి నడిస్తే, ఇంకొకరు పాదంతో రెండంచులూ నొక్కుతూ వస్తారు. వైరు మీది మధ్యభాగానికి జిగురు తగలకపోతే మరీ మంచిది. అందుకోసం తక్కువ వెడల్పు టేపును తిరగేసి, జిగురుకు జిగురు కలిసేలా నడుమ అతికిస్తారు. అప్పుడు వైరు గొట్టంలో ఉన్నట్టు స్వేచ్ఛగా ఉంటుంది, పీకాక చేతికి అంటదు. చివర అంగుళం మేర మడిచి కొస వదిలితే పీకేటప్పుడు గోళ్లకు పని తప్పుతుంది.

గాఫర్ టేపు కరెంటును ఆపదు. తెగిన వైరు జాయింటుకు ఇన్సులేషన్ టేపే వేయాలి. నూలుగుడ్డ కాలుతుంది కనుక వేడెక్కే దీపాలకూ దూరంగా ఉంచాలి.

ఎంత వేగంగా పీకాలన్న దాని మీద రెండు మాటలున్నాయి. నెమ్మదిగా పీకమని పనివాళ్ల మాట. జిగురు శాస్త్రం ప్రకారం మరీ నెమ్మదిగా లాగినప్పుడే జిగురు సాగి మధ్యలో తెగుతుంది, కాస్త చురుగ్గా లాగితే బిగిసి శుభ్రంగా వదులుతుంది. రెండూ నిజమే, చోట్లు వేరు. రంగువేసిన చెక్క, ప్లైవుడ్ వేదిక మీద వేగం రంగునే లేపుతుంది కనుక నెమ్మదే సరి. వేడి గ్రానైటు మీద పోగులు సాగుతుంటే నెమ్మది పనికిరాదు. ముందు ఐసు నీళ్ల సంచి ఆనించి చల్లబరచి, ఆగకుండా ఒకే ఊపున లాగాలి. ఎక్కడైనా టేపును పైకెత్తకుండా, దాని మీదికే మడిచి, నేలకు దాదాపు ఆనించి లాగాలి.

ఎండాకాలం పెళ్లి అప్పగింతలు అర్ధరాత్రికి ముగిస్తే టేపు అప్పుడో, తెల్లవారుజామునో తీసేయాలి. మరునాడు సామాను వ్యాను వచ్చేదాకా ఆగితే పొద్దెక్కుతుంది, నేల కాగుతుంది, ముందురోజు అద్దంలా వచ్చే టేపే జిగురు వదులుతుంది.

మరకలు

మిగిలిన జిగురును తీయడానికి మొదటి సాధనం అదే టేపు: కొత్త ముక్కను దానిమీద ఒత్తి చటుక్కున లేపితే చాలావరకు వస్తుంది. తర్వాత కొబ్బరినూనె గానీ నీలగిరి తైలం గానీ గుడ్డకు రాసి పదినిమిషాలు నాననిచ్చి, ప్లాస్టిక్ కార్డుతో గీకి, సబ్బునీళ్లతో జిడ్డు కడగాలి. ఇది గ్రానైటుకు, టైల్సుకు మాత్రమే. షాబాదు బండ నూనెనూ పీల్చుకుంటుంది కనుక అక్కడ ఐసుతో గట్టిపరచి గీకాక, స్పిరిటుతో అద్దడం వరకే ఆగాలి. కిరసనాయిలు, థిన్నర్ పనిచేస్తాయి గాని ముందు కరెంటు ఆపి, తలుపులు తెరవాలి. రంగు, పాలిష్ ఉన్న చోట వాటిని తేకూడదు.

ఇతర రకాలు

నటులు నిలబడే చోటును గుర్తుపెట్టే అరంగుళపు రంగు టేపు, మిక్సర్ మీద పేర్లు రాసే తెల్లటి టేపు, చీకట్లో మెట్ల అంచును చూపే మెరుపు టేపు ఈ కుటుంబంలోవే. 1972లో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద బండి మడ్‌గార్డు బాగుచేయడానికి పటాలను ఒకదానికొకటి అతికించిన టేపును కొన్నిచోట్ల గాఫర్ అని రాస్తారు గాని, అది డక్ట్ టేపు. దాన్ని శుభ్రంగా ఊడదీయాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.